"ఇంకా ఎన్నిసార్లమ్మా?" అని నాన్న అడిగితే

ప్రశ్న: మా నాన్నకి 76 ఏళ్లు. పోయినేడాది క్లోమం (పాంక్రియాస్) క్యాన్సర్ అని తేలింది. అప్పటికే లివర్‌కి పాకింది. రెండు రకాల కీమోలు అయ్యాయి. రెండోది నాలుగు నెలలు పనిచేసి, ఆ తర్వాత పనిచెయ్యడం మానేసింది. మూడో రకం "కావాలంటే ప్రయత్నించవచ్చు" అంటున్నారు డాక్టరుగారు. వచ్చే గురువారం లోగా ఏ సంగతో చెప్పాలి. దూరంగా ఉన్న అన్నయ్య "ఏదీ వదలొద్దు, చెయ్యగలిగినవన్నీ చేద్దాం" అంటాడు. అమ్మ "ఆయనకి ఏమీ చెప్పొద్దు, విన్నారంటే ఆ రోజే పోతారు" అంటుంది. నాన్న పగలు కూడా ఎక్కువసేపు మంచం మీదే ఉంటున్నారు. పోయినవారం ఆస్పత్రి నుంచి వస్తుంటే కారులో "ఇంకా ఎన్నిసార్లమ్మా?" అన్నారు. "అయిపోవచ్చింది నాన్నా" అన్నాను. ఇంటికొచ్చేదాకా మళ్లీ మాట్లాడలేదు. మందుల చీటీల వెనక ఏదో రాసుకుంటున్నారు, నేను గదిలోకి వెళ్లగానే మడిచి దిండు కింద పెట్టేస్తున్నారు. మొన్న రాత్రి నొప్పితో మూలుగుతుంటే "ఇది త్వరగా అయిపోతే బాగుండు" అనిపించింది. అప్పట్నుంచి ఆయన మొహంలోకి చూడలేకపోతున్నాను. కీమో వద్దంటే నాన్నని నేనే చంపినట్టవుతుందా?
- ఒక కూతురు

సమాధానం:

అమ్మా,

చివర అడిగినదానికి ముందు జవాబు చెప్తాను. అది గుండెలో పెట్టుకుని మిగతాది చదవలేరు. కీమో వద్దన్నంత మాత్రాన మీరు నాన్నగారిని చంపినట్టు కాదు. లివర్ దాకా పాకిన క్లోమం క్యాన్సర్‌ని పూర్తిగా నయం చేసే మందు ఇవాళ్టికి ఎక్కడా లేదు. మూడో మందు ఎక్కించినా, ఎక్కించకపోయినా ఆయన్ని తీసుకెళ్లేది ఆ జబ్బే. ఆ నెపం మీ మీద వేసుకోకండి.

మొన్న రాత్రి వచ్చిన ఆలోచన సంగతి. పాలియేటివ్ కేర్, అంటే జబ్బు ముదిరినవాళ్ల బాధ తగ్గించే వైద్యం, చేసే డాక్టరుగా చాలా ఏళ్లు ఇలాంటి మంచాల పక్కనే గడిపాను. రాత్రుళ్లు మేలుకుని కూర్చునేవాళ్లలో ఆ మాట మనసులో అనుకోనివాళ్లని నేను చూడలేదనే చెప్పాలి. పైకి చెప్పినవాళ్లు మాత్రం బహుకొద్దిమంది. మీరు అయిపోవాలనుకున్నది ఆయన బాధ. దానికి సిగ్గుపడాల్సిన పనిలేదు.

నన్ను కలవరపెట్టింది ఆ ఆలోచన కాదు, ఆ మూలుగు. రాత్రిపూట మూలిగేంత నొప్పి ఉందంటే నొప్పికి చాలినంత మందు అందడంలేదన్నమాట. దీనికి గురువారం దాకా ఆగొద్దు. ఇవాళే ఆస్పత్రికి ఫోన్ చేసి "రాత్రిపూట నొప్పి ఆగడంలేదు" అని చెప్పండి. నొప్పితో ఉన్న మనిషిని బతుకు గురించి ఏమడిగినా నొప్పే జవాబు చెప్తుంది. అందుకే అన్ని నిర్ణయాలకన్నా ముందు నొప్పి తగ్గాలి.

ఇక కారులో జరిగింది. మీ ఉత్తరం మొత్తంలో నేను ఆగిపోయింది అక్కడే. "ఇంకా ఎన్నిసార్లమ్మా?" అన్న మనిషికి ఏమీ తెలియదని మీ అమ్మగారు ఎలా అనుకుంటున్నారో గానీ, నాకు మాత్రం ఆయనకి చాలావరకు తెలుసనే అనిపిస్తోంది. ఒళ్లు ఆయనది. బెల్టు మరో చిల్లు వెనక్కి పెట్టుకునేదీ, చొక్కా భుజాలమీద జారుతోందని గమనించేదీ ఆయనే. ఆ ప్రశ్నతో ఆయన ఒక తలుపు కొంచెం తీశారు. మీరు భయపడి మెల్లగా మూసేశారు. ప్రేమతోనే మూశారు, అందులో అనుమానం లేదు. కానీ తర్వాత దారంతా ఆయన మాట్లాడకపోవడానికి కారణం అదే అయ్యుండొచ్చు. మీరు ఆ మాట వినలేరని ఆయన అర్థం చేసుకుని, మిమ్మల్ని కాపాడటానికి నోరు మూసుకున్నారేమో. ఇలా ఒకరినొకరు కాపాడుకుంటూ ఒకే ఇంట్లో ముగ్గురు మూడు ఒంటరి గదుల్లో బతకడం నేను ఎన్నో ఇళ్లల్లో చూశాను.

మా ఇంట్లో కూడా. మా అమ్మకి జబ్బు ముదిరినప్పుడు నేను అప్పటికే డాక్టర్ని. పక్కవాళ్ల అమ్మ అయితే ఏం చెప్పేదాన్నో నాకు తెలుసు. మా అమ్మ దగ్గరికొచ్చేసరికి అదంతా మర్చిపోయి "ఇంకొక్క కోర్సు" అన్నాను. ఆవిడ నా మొహం చూసి సరేనంది. ఆ తర్వాత నలభై రోజులు బతికింది, అందులో సగానికి పైగా ఆస్పత్రిలోనే. ఒకరోజు సెలైన్ సూది దిగక నర్సు మూడోచోట వెతుకుతుంటే అమ్మ రెండో చెయ్యి తనే ముందుకి చాపింది, వేళ్లు విడదీసి, బడిలో బెత్తం దెబ్బకి చెయ్యి చాపే పిల్లలాగా. తనకోసం కాదు, నా కోసం చాపుతోందని అప్పుడు తెలిసింది నాకు. అప్పటికి చాలా ఆలస్యమైంది. ఈ సంగతి మిమ్మల్ని భయపెట్టడానికి రాయలేదు. కీమో ఒప్పుకోవడమూ ఒక నిర్ణయమేనని, దానికీ ఒక ఖరీదుంటుందని, దాన్ని మోసేది మీ నాన్నగారి ఒళ్లేనని గుర్తుంటుందని రాశాను.

మూడో కీమో గురించి డాక్టర్లు చూసే మొదటి విషయం మందు పేరు కాదు, మనిషిలో మిగిలిన సత్తువ. దాన్ని 0 నుంచి 4 దాకా అంకెలతో కొలుస్తారు. జబ్బుకి ముందులాగే తిరుగుతుంటే 0. పూర్తిగా మంచం పట్టేస్తే 4. మెలకువగా ఉన్న సమయంలో సగానికి మించి మంచం మీదో కుర్చీలోనో గడుస్తుంటే 3. మీరు రాసినదాన్నిబట్టి నాన్నగారు 3 దగ్గర ఉన్నట్టున్నారు. ఆ స్థితిలో కీమో వల్ల కలిగే మేలు బాగా తగ్గిపోతుంది, ఇబ్బందులు పెరుగుతాయి. 2015లో అమెరికాలో వచ్చిన ఒక అధ్యయనం, క్యాన్సర్ ముదిరి, ఒక కీమో అప్పటికే విఫలమైనవాళ్లని గమనించింది. కీమో తీసుకున్నందువల్ల ఆఖరి వారం మెరుగ్గా గడిచినవాళ్లు ఏ వర్గంలోనూ కనపడలేదు. అప్పటిదాకా చక్కగా లేచి తిరుగుతున్నవాళ్లకైతే, కీమో తీసుకున్నాక ఆఖరి వారం ఇంకా కష్టంగా గడిచింది.

అలాగని మీ తరఫున నేను "వద్దు" అనను. ఆయన్ని నేను చూడలేదు. పైగా మనిషికీ మనిషికీ లెక్క మారుతుంది. రెండు నెలల్లో మనవడో మనవరాలో పుట్టబోతుంటే, ఆ ఒక్క రోజు కోసం ఎంత ఇబ్బందైనా పడతానని నాతో తేల్చి చెప్పినవాళ్లున్నారు. వాళ్లకి మేం కీమో ఇచ్చాం, ఇవ్వడం సరైనదే. బడిపంతులుగా రిటైరైన ఒకాయన మాత్రం, ఏం కావాలి మాస్టారూ అని అడిగితే, కాసేపు ఆలోచించి "పొద్దున కిటికీ పక్కన కూర్చోగలగాలి, పిల్లల ముందు వాంతి చేసుకోకూడదు" అన్నారు. ఆయన మందు మొత్తం ఆ రెండు మాటల చుట్టూ అల్లాం.

గురువారం డాక్టరుగారి దగ్గరికి వెళ్లినప్పుడు "మీ నాన్నే అయితే మీరేం చేస్తారు?" అని చాలామంది అడుగుతారు. నాకు ఆ ప్రశ్న అంతగా నచ్చదు. ఆయన నాన్న వేరు, ఆ నాన్న కోరికలు వేరు. దానికి బదులు నాన్నగారికి ముఖ్యమైనవి రెండో మూడో చెప్పి, "ఈ మందు వీటికి సాయపడుతుందా, అడ్డొస్తుందా?" అని అడగండి. మందు పనిచేస్తే ఎంత కలిసొస్తుంది, వారాలా, నెలలా? అందులో ఆయన ఒంట్లో బాగున్నట్టుండే రోజులెన్ని? ఎన్నిసార్లు ఆస్పత్రికి తిప్పాలి? పనిచెయ్యకపోతే ఎప్పుడు తెలుస్తుంది? అసలు కీమో ఇవ్వకపోతే రాబోయే వారాలు ఎలా ఉంటాయి? ఈ చివరి ప్రశ్న దాదాపు ఎవరూ అడగరు. అడక్కపోతే డాక్టరూ చెప్పడు. అందుకే కీమో వద్దంటే చీకటే అన్నట్టు తోస్తుంది అందరికీ.

డాక్టరుగారు గడువు చెప్తే దాన్ని మంచివైపుకి మొగ్గిన అంచనాగానే తీసుకోండి. 2000లో వచ్చిన ఒక పరిశోధనలో 343 మంది డాక్టర్లు, ఆఖరి దశ సంరక్షణకి పంపుతున్న 468 మంది రోగులు ఇంకా ఎంతకాలం ఉంటారో అంచనా కట్టారు. ఆ అంచనా దగ్గరగా వచ్చింది ఐదుగురిలో ఒక్కరి విషయంలోనే. మొత్తంమీద అసలు గడువుకి ఐదింతలు ఎక్కువ చెప్పారు. రోగిని ఎంత ఎక్కువకాలంగా ఎరిగి ఉంటే అంత ఎక్కువ పొరపాటు పడ్డారు. అది అబద్ధం కాదు, ఆపేక్ష. నేనూ అలా పొరబడ్డదాన్నే. కాబట్టి "ఆరు నెలలు ఉండొచ్చు" అన్నారంటే, ముఖ్యమైన మాటలూ పనులూ ఆరో నెలకి వాయిదా వెయ్యకండి.

నాన్నగారు కీమో వేయించుకుంటానంటే దానికి ముందే ఒక గీత గీసుకోండి. ఒకటో రెండో విడతలు చూద్దాం, ఫలానా తేదీకి మళ్లీ పరీక్ష చేద్దాం, అప్పటికి గడ్డ తగ్గకపోతే, లేదా ఆయన ఇప్పటికన్నా నీరసించిపోతే ఆపేద్దాం, అని డాక్టరు సమక్షంలోనే మాట అనుకోండి. మీ అన్నయ్యతో రాజీ కుదిరే చోటు కూడా బహుశా ఇదే. ఇంకో వారం టైము అడగడానికీ మొహమాటపడకండి. ఈ దశలో ఒక వారం ఆలోచించుకోవడంవల్ల పోయేదేమైనా ఉందా అని డాక్టర్నే అడగండి. చాలాసార్లు ఏమీ ఉండదు.

కీమో ఆపితే ఇక చెయ్యడానికేం లేదనే మాట మీకెవరైనా చెప్తే నమ్మకండి. క్లోమం జబ్బు విషయంలో అది అసలే నిజం కాదు. కడుపు నుంచి వీపులోకి పొడుచుకెళ్లే నొప్పికి, పొట్ట వెనకున్న నరాల ముడిలోకి ఒక ఇంజెక్షన్ ఇస్తారు. అందరికీ కుదరదు గానీ, కుదిరినవాళ్లకి నొప్పి, మాత్రల మోతాదు రెండూ తగ్గుతాయి. పైత్యం దారి మూసుకుపోయి కామెర్లు, దురద వస్తే స్టెంట్ పెట్టి దారి తెరుస్తారు. తిన్నది అరగక జిడ్డుగా విరేచనాలవుతుంటే క్లోమం రసాల బదులు వేసుకునే గొట్టం మాత్రలు (క్యాప్సూల్స్) ఉంటాయి, భోజనంతోపాటు వేసుకోవాలి. ఏడాదిగా విరేచనాలతో బాధపడుతూ, అది జబ్బులో భాగమేలెమ్మని ఎవరికీ చెప్పనివాళ్లు ఎంతమందో. పొట్టలో నీరు చేరితే తీస్తారు. ఆయాసానికి మొహం మీదికి చిన్న ఫ్యాన్ గాలి తగిలేలా పెట్టినా ఎంతో హాయి. ఇదంతా వైద్యమే, జబ్బుమీదికి కాకుండా మనిషి మీదికి చూపు తిప్పిన వైద్యం.

దీన్నే పాలియేటివ్ కేర్ అంటారు. ఆఖరి నాలుగు రోజుల వ్యవహారమని చాలామంది అనుకుంటారు, అందుకే ఆ పేరు ఎత్తితేనే ఇంట్లో ఏడుపులు. నిజానికి కీమో నడుస్తున్నప్పుడు కూడా తీసుకోవాల్సిందే. 2010లో అమెరికాలో ఊపిరితిత్తుల క్యాన్సర్ ముదిరిన 151 మందిని రెండు జట్లుగా చేసి, ఒక జట్టుకి మామూలు చికిత్సతోపాటు మొదట్నుంచీ పాలియేటివ్ కేర్ కూడా ఇచ్చారు. వాళ్లలో దిగులు తగ్గింది, రోజులు మెరుగ్గా గడిచాయి, ఆఖర్లో ఉధృతమైన చికిత్సలు తక్కువ తీసుకున్నారు. అయినా మధ్యస్థ ఆయుష్షు, అంటే సగంమంది దాటిన గడువు, 11.6 నెలలు. రెండో జట్టుకి 8.9. తర్వాతి అధ్యయనాలన్నింటిలో ఆయుష్షు పెరిగిందని కాదు. కానీ ఇది తీసుకుంటే తొందరగా పోతారన్న భయానికి మాత్రం ఆధారం లేదు. మీ ఆస్పత్రిలో ఆ విభాగముంటే గురువారం కాదు, ఇవాళే చీటీ రాయించుకోండి.

మార్ఫిన్ అనగానే మీ అమ్మగారు ఉలిక్కిపడొచ్చు. "అది మొదలుపెట్టారంటే ఇక అయిపోయినట్టే" అన్న మాట నేను లెక్కలేనన్నిసార్లు విన్నాను. చిన్న మోతాదుతో మొదలుపెట్టి నొప్పినిబట్టి పెంచుకుంటూ పోతే మార్ఫిన్ ప్రాణం తియ్యదు. నొప్పి కోసం వేసుకునేవాళ్లు దానికి వ్యసనపరులు కావడం అరుదు. మొదటి రెండుమూడు రోజులు మత్తుగా, వికారంగా ఉంటుంది, చాలామందికి ఆ తర్వాత తగ్గుతుంది. మలబద్ధకం మాత్రం తగ్గదు. కాబట్టి మొదటి రోజు నుంచే విరేచనం సాఫీగా అయ్యే మందు కూడా రాయమనండి. నొప్పి వచ్చాక కాకుండా గడియారం ప్రకారం ఇవ్వండి, మధ్యలో నొప్పి తన్నుకొస్తే వేసుకోవడానికి అదనపు డోసు ఎంతో రాయించుకోండి. కిడ్నీలు బాగాలేకపోతే మోతాదు, ఒక్కోసారి మందే మారుతుంది. మీ అంతట మీరు ఉన్నపళంగా ఆపెయ్యొద్దు.

ఇప్పుడు కష్టమైన భాగం. నాన్నగారితో మాట్లాడటం.

చెప్పాలా వద్దా అని మీరూ అమ్మగారూ వాదించుకుంటున్నారు. ఆ వాదనకి తీర్పు చెప్పగలిగింది నాన్నగారొక్కరే. ఆయన్నే అడగొచ్చు. "నాన్నా, డాక్టరుగారు చెప్పేవన్నీ మీకు వినాలనుందా, లేకపోతే నన్ను విని చూసుకోమంటారా?" ఇంతే. వినను, మీరే చూసుకోండి అంటే అది కూడా ఆయన హక్కే. అప్పుడు "మీకేది ముఖ్యమో మాత్రం చెప్పండి, అది చూసి మేం నిర్ణయిస్తాం" అనండి. వింటానంటే, ఆయన అడిగినంతే చెప్పండి. ఒక్కరోజులో అన్నీ గుమ్మరించక్కర్లేదు. అబద్ధం మాత్రం ఆడకండి. ఒక్క అబద్ధం దొరికిందంటే తర్వాత మీరు "నొప్పి తగ్గుతుంది నాన్నా" అన్నా ఆయన నమ్మరు.

ఎలా మొదలుపెట్టాలో తెలియకపోతే ఆయన మాట దగ్గరే మొదలుపెట్టండి. రాత్రి నొప్పిమందు పనిచేసి కాస్త తెరిపిన పడ్డప్పుడు, టీవీ ఆపేసి, మంచం మీద ఆయన పక్కనే కూర్చుని, "ఆరోజు కారులో ఇంకా ఎన్నిసార్లని అడిగారు. అయిపోవచ్చిందని చెప్పాను. అలా అనకుండా ఉండాల్సింది. మీరేం అడగాలనుకున్నారు నాన్నా?" అనండి. తర్వాత నోరు మూసుకుని కూర్చోండి. ఇది చెప్పినంత తేలిక కాదు. అర నిమిషం మౌనం కూడా భరించలేక మనమే ఏదో ఒకటి అందించేస్తాం. అందించొద్దు. ఆయన కళ్లనీళ్లు పెట్టుకుంటే తుడవడానికి కంగారుపడొద్దు. మీకు ఏడుపొస్తే ఏడవండి. పిల్లల కన్నీళ్లు చూసి కూలిపోయిన తండ్రులకన్నా, పిల్లల నటన చూసి ఒంటరివాళ్లయిన తండ్రుల్నే నేను ఎక్కువగా చూశాను.

అమ్మగారిని ఈ విషయంలో ఓడించాలని చూడకండి. "విన్నారంటే ఆ రోజే పోతారు" అన్నమాటలో ఆవిడ భయం ఆయన గురించి ఎంతో, తన గురించి అంతే. ఆయన లేని మర్నాటిని ఆవిడ ఊహించలేకపోతోంది. ముందు ఆవిడ దగ్గర కూర్చుని "నీకేం భయంగా ఉందమ్మా?" అని అడగండి. నాన్నగారు ఏం కావాలనుకుంటున్నారో మనకి తెలియకపోతే ఆయనకి ఇష్టంలేనిది మన చేతుల్తోనే చేయించేస్తామేమోనని మీ భయం కూడా ఆవిడకి చెప్పండి. ఒప్పుకోకపోయినా, ఆయనే అడిగితే మాత్రం నేను అబద్ధం చెప్పలేనని మెత్తగానే, తేల్చి చెప్పండి.

మీ అన్నయ్య శత్రువు కాదు. మీరు ఏడాదిగా రోజూ చూస్తున్నది ఆయన వారానికోసారి వీడియో కాల్‌లో చూస్తున్నాడు. కాల్ వచ్చినప్పుడు నాన్నగారు లేచి కూర్చుని నవ్వుతారు కదా. ఆ పది నిమిషాల మనిషికే ఆయన కీమో కోరుతున్నాడు. కీమో అంటే నయమవడానికేనని కూడా నమ్ముతూ ఉండొచ్చు. 2012లో వచ్చిన ఒక పరిశోధనలో, శరీరంలో ఇతరచోట్లకి పాకిన క్యాన్సర్‌కి కీమో తీసుకుంటున్న రోగులే, ఊపిరితిత్తుల క్యాన్సర్ వాళ్లలో 69 శాతం, పెద్దపేగు క్యాన్సర్ వాళ్లలో 81 శాతం మంది, అది నయం చేసే అవకాశం లేదని గ్రహించలేదు. రోగులకే అలా ఉంటే దూరంగా ఉన్న కొడుకుని ఏమనగలం? మీరు డాక్టరు మాటలు మోసుకెళ్లి ఆయనకి అప్పజెప్పకండి. గురువారం డాక్టరు గదిలోనే ఫోన్ స్పీకర్‌లో పెట్టి ఆయన్నే అడగనివ్వండి. వీలైతే వచ్చి మూడు రాత్రులు నాన్నగారి గదిలో పడుకోమనండి. ఆ మూడు రాత్రుల తర్వాత చాలామంది అన్నయ్యల గొంతు మారడం చూశాను.

ముందే తేల్చుకోవాల్సినవి ఇంకో రెండు మూడున్నాయి, ఎందుకంటే అవి అర్ధరాత్రి వస్తాయి, అప్పుడు ఆలోచన పనిచెయ్యదు. గుండె ఆగితే ఛాతీ నొక్కి మళ్లీ కొట్టుకునేలా చెయ్యాలా, ఊపిరి అందకపోతే వెంటిలేటర్ పెట్టాలా అన్నది మొదటిది. కొత్తగా వచ్చిన ప్రమాదానికి ఆ పద్ధతులు ప్రాణం పోస్తాయి. కానీ క్యాన్సర్ వల్లే ఒక్కో అవయవం మూతపడుతున్నప్పుడు, అవి పక్కటెముకలు విరగ్గొట్టి ఐసీయూలో మరికొన్ని గంటలో రోజులో ఇవ్వడం తప్ప, మనిషిని ఇంటికి తిరిగి పంపడం చాలా అరుదు. నాన్నగారి ఇష్టం కనుక్కుని, డాక్టరుతో ఫైల్లో రాయించండి. ఎక్కడ ఉండాలనుకుంటున్నారో కూడా అడగండి. ఇంట్లోనే అంటే, రాత్రి రెండింటికి ఎవరికి ఫోన్ చెయ్యాలో, మింగలేని రోజున నొప్పిమందు నాలుక కిందో చర్మం కిందో ఎలా ఇవ్వాలో ఇప్పుడే నేర్చుకుని పెట్టుకోవాలి. ఈ ఏర్పాటు లేకే, ఇంట్లో ఉంటానన్నవాళ్లు కూడా ఆఖరి రాత్రి అంబులెన్స్ ఎక్కుతారు.

తిండి గురించి ఇంట్లో రోజూ గొడవ జరుగుతూనే ఉండుంటుంది, మీరు రాయకపోయినా. ఈ జబ్బు ముదిరాక ఒళ్లు తిండిని వాడుకునే తీరే మారిపోతుంది. ఆకలి జబ్బు వల్ల పోతుంది, తినకపోవడం వల్ల జబ్బు ముదరడంలేదు. రెండు చెంచాలు తిని చాలంటే చాలు. చెంచా పట్టుకుని వెంటపడే ప్రతిసారీ ఆయనకి తప్పు చేసినట్టనిపిస్తుంది. బాగా ఆఖర్న ముక్కులోంచి పైపు వేసినా, సెలైన్లు ఎక్కించినా సాధారణంగా బలం రాదు, కాళ్లవాపు, గొంతులో గురగుర పెరగొచ్చు. నోరెండిపోకుండా తడిబట్టతో పెదాలు తుడుస్తూ ఉంటే ఆ దాహం చాలావరకు తీరుతుంది. మీ అమ్మగారికి ఏదో ఒకటి తినిపించాలన్న తపన ఉంటుంది కదా, ఈ పని ఆవిడ చేతికివ్వండి.

ఆ రోజులు దగ్గరపడ్డప్పుడు నిద్ర పెరుగుతుంది. చేతులు, కాళ్లు చల్లబడతాయి, మోకాళ్ల దగ్గర చర్మం మచ్చలు మచ్చలుగా రంగు మారుతుంది. ఊపిరి వేగంగా పీల్చి, కొన్ని సెకన్లు ఆగి, మళ్లీ మొదలవుతుంది. గొంతులో గురగురమంటుంది. వినేవాళ్లకి భయంగా ఉంటుంది గానీ, ఆ స్థితిలో ఆయనకి ఉక్కిరిబిక్కిరిగా ఉండకపోవచ్చు. పక్కకి తిప్పి పడుకోబెడితే తగ్గుతుంది. ఉన్నట్టుండి అటూఇటూ పొర్లుతూ కంగారుపడుతుంటే ముందు మూత్రం ఆగిపోయిందేమో, విరేచనం బిగుసుకుపోయిందేమో చూడమనండి, దానికి మందులూ ఉన్నాయి. కళ్లు తెరవకపోయినా వింటున్నారనుకునే మాట్లాడండి.

నొప్పి అంటే ఒంటి నొప్పి ఒక్కటే కాదని, మనసుదీ, మనుషులదీ, అర్థం దొరకని బతుకుదీ అంతా కలిసి ఒకే నొప్పిగా వస్తుందని చెప్పింది సిసిలీ సాండర్స్. నర్సుగా మొదలై, సోషల్ వర్కరై, తర్వాత డాక్టరైన మనిషి ఆవిడ. 1967లో లండన్‌లో సెయింట్ క్రిస్టఫర్స్ హాస్పీస్ (ఆఖరి దశలో ఉన్నవాళ్లని చూసుకునే చోటు) తెరిచి ఈ వైద్యానికి ఇవాళ్టి రూపమిచ్చింది. నాన్నగారి రాత్రి మూలుగులో ఎంత భాగం క్లోమానిదో, ఎంత భాగం ఆ కారు ప్రయాణానిదో నాకు తెలియదు. రెండింటికీ మందు వెయ్యాల్సి ఉంది.

మీ గురించి ఒక్కమాట. వారంలో ఒక రాత్రైనా ఎవరికైనా అప్పజెప్పి వేరే గదిలో పడుకోండి. అలసిపోయిన మనిషికి ప్రతి నిర్ణయమూ నేరంలాగే కనిపిస్తుంది. మీ ఉత్తరంలో ఆ అలసట నాకు అడుగడుగునా వినిపించింది.

దిండు కింది కాగితం మాత్రం ఆయన లేనప్పుడు తీసి చూడకండి. అప్పులూ బ్యాంకు లెక్కలూ అయ్యుండొచ్చు, మీ ముగ్గురికీ చెప్పుకోవాల్సిన మాటలయ్యుండొచ్చు, డాక్టర్ని అడగాలనుకుని అడగలేకపోయిన ప్రశ్నలైనా అయ్యుండొచ్చు. మందుల చీటీ వెనక ఆ ఇరుకు జాగా ఆయనకి చాలదు. ఇవాళ వెళ్లేటప్పుడు ఒక నోటుబుక్కు, సాఫీగా రాసే పెన్ను కొని ఆయన పక్కన పెట్టి, "గురువారం డాక్టరు దగ్గరికి వెళ్తున్నాం నాన్నా, మీరు అడగాలనుకున్నవి ఇందులో రాయండి, నేను చదివి అడుగుతాను" అనండి. రాత్రి ఆ పుస్తకం మూసి ఉంటే అలాగే ఉండనివ్వండి. తెరిచి మీవైపు తిప్పి పెట్టి ఉంటే కూర్చుని చదవండి.